బార్లె: ఒకే ఊరు, రెండు దేశాలు, 30 ముక్కలు

ఫోన్‌లో మ్యాప్ తెరిచి, నెదర్లాండ్స్ దక్షిణపు అంచున బ్రెడా, టిల్‌బుర్గ్ పట్నాలకు కిందగా బార్లె అనే ఊరిని వెతకండి. కొంచెం జూమ్ చేయగానే మ్యాప్ పాడైందేమో అని అనుమానం వస్తుంది. దేశాల సరిహద్దు అంటే ఒక గీత ఉండాలి కదా, ఇక్కడ ఊరి నిండా చిన్నాపెద్దా గళ్లు. ఒక గడి లోపల మళ్లీ ఇంకో గడి. ఇంకా దగ్గరకు వెళితే ఆ గీత రోడ్డు దాటి, ఎవరి పెరట్లోనో దూరి, ఇంటిని నిలువునా చీల్చి వెనక వీధిలో తేలుతుంది. నేల మీదా అంతే. కాలిబాటల మీద తెల్లటి ప్లస్ గుర్తులు వరసగా పరిచి ఉంటాయి. వాటికి ఒక పక్క ‘ఎన్‌ఎల్’, ఇంకో పక్క ‘బి’. అంటే ఇటు నెదర్లాండ్స్, అటు బెల్జియం.

ఈ ఊరు మధ్యమధ్యలో వార్తల్లోకి వస్తూనే ఉంటుంది. 2020లో కరోనా లాక్‌డౌన్ అప్పుడు వచ్చింది. నెదర్లాండ్స్ ప్రభుత్వం 2024 డిసెంబరు 9 నుంచి బెల్జియం, జర్మనీ సరిహద్దుల్లో మళ్లీ తనిఖీలు మొదలుపెట్టినప్పుడు, మరి బార్లెలో పోలీసులు ఎక్కడ నిలబడతారని సహజంగానే ప్రశ్న వచ్చింది. ఎప్పుడు చర్చకు వచ్చినా చివరికి అందరూ అడిగేది ఒకటే: ఇంత పిచ్చి గీత ఎవరు గీశారు? నిజానికి ఎవరూ గీయలేదు. ఇది పుట్టినప్పుడు సరిహద్దే కాదు, శిస్తు లెక్క. ఆ రోజుల్లో ఆ లెక్కలో తిరకాసేమీ లేదు.

విస్తరి, గారె, గారె చిల్లు

ముందు పదాల సంగతి తేల్చుకుంటే తర్వాత తికమక ఉండదు. చూడ్డానికి ఊరు ఒకటే అయినా స్థానిక పాలన రెండు పేర్లతో నడుస్తుంది. నెదర్లాండ్స్‌ది బార్లె-నస్సావ్, జనాభా సుమారు 7,000. బెల్జియంది బార్లె-హెర్టోగ్, జనాభా సుమారు 2,800. ఇద్దరు మేయర్లు, రెండు కౌన్సిళ్లు.

చుట్టూ పూర్తిగా వేరేవాళ్ల భూభాగం ఉన్న ముక్కను ఎన్‌క్లేవ్ అంటారు. మనకు తెలిసిన నమూనా యానాం. నాలుగు వైపులా ఆంధ్రప్రదేశే, పాలన మాత్రం పుదుచ్చేరిది. పుదుచ్చేరి వైపు నుంచి చూస్తే అది ‘బయటపడిన మా ముక్క’, దాన్నే ఎక్స్‌క్లేవ్ అంటారు. ఆంధ్ర వైపు నుంచి చూస్తే ‘మా మధ్యలో ఉన్న వేరేవాళ్ల ముక్క’, అంటే ఎన్‌క్లేవ్. కాకపోతే యానాం విషయంలో రెండు వైపులా ఉన్నది ఒకే దేశం.

బార్లెలో ఇంకో మెలిక ఉంది. విస్తరిని నెదర్లాండ్స్ అనుకోండి. అందులో వేసిన గారె బెల్జియం. గారె చిల్లులోంచి కనిపించే విస్తరి మళ్లీ నెదర్లాండ్స్. ఈ చిల్లు లాంటివే ఎదురు ఎన్‌క్లేవులు. ఇలా చుట్టూ డచ్ (అంటే నెదర్లాండ్స్) నేల ఉన్న బెల్జియం ముక్కలు మొత్తం 22. వాటిలో అన్నిటికన్నా పెద్ద గారెకు ఆరు చిల్లులు, రెండోదానికి ఒకటి. బార్లె-హెర్టోగ్‌లో జోండెరైగెన్ అనే పల్లె ఉన్న భాగం బెల్జియం ప్రధాన భూభాగాన్ని అంటుకునే ఉంటుంది. అందులో ఇంకొక డచ్ ముక్క చిక్కుకుని ఉంది. అంటే డచ్ ముక్కలు 8, బెల్జియంవి 22, వెరసి 30. వీటిలో పెద్దది ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు ఉంటే, బెల్జియం ముక్కల్లో చిన్నది ఇళ్లు కూడా లేని బయలు, దాదాపు 2,600 చదరపు మీటర్లు. మన లెక్కలో ముప్పావు ఎకరానికి కూడా కొంచెం తక్కువే.

1198లో పంచుకున్నది నేలను కాదు, రాబడిని

బార్లె కథ 1198లో మొదలవుతుంది. అప్పటికి బెల్జియం లేదు, నెదర్లాండ్స్ లేదు. ఆ ప్రాంతంలో పెద్ద దొర బ్రబాంట్ డ్యూక్ మొదటి హెన్రీ. ఉత్తరాన హాలండ్ కౌంట్‌తో అతనికి పోటీ. మధ్యలో బ్రెడా ప్రభువు స్కోటెన్ గాడ్‌ఫ్రీ. ఆ ఏడాది గాడ్‌ఫ్రీ తన బ్రెడాను డ్యూక్‌కు అప్పగించి, మళ్లీ అతని సామంతుడిగా దాన్ని తిరిగి పుచ్చుకున్నాడు. అంటే పెత్తనం అతనిదే, పైవాడిగా డ్యూక్‌ను ఒప్పుకున్నాడు. అందుకు ప్రతిఫలంగా డ్యూక్ బార్లె చుట్టుపక్కల కొంత భూమిని అదనంగా ఇచ్చాడు.

ఇచ్చాడు గానీ మొత్తం ఇవ్వలేదు. అప్పటికే తన రైతులు కాపురముండి, తనకు పన్ను కడుతున్న భూములను ఉంచుకున్నాడు. రాబడి వస్తున్న పొలాన్ని ఏ దొర మాత్రం వదులుకుంటాడు? అలా డ్యూక్ మనుషులు ఉన్న చోటు డ్యూక్‌ది, మిగతాది బ్రెడా ప్రభువుది అయింది. ఊరి పేర్లలో ఈ పంపకం ఇప్పటికీ కనిపిస్తుంది. ‘హెర్టోగ్’ అంటే డచ్‌లో డ్యూక్. 1403లో ఒక పెళ్లి సంబంధంతో బ్రెడా నస్సావ్ వంశం చేతికి వచ్చింది. అందుకే రెండో సగానికి ‘నస్సావ్’ అని పేరు.

ఈ పద్ధతి తెలుగు పాఠకులకు అంత వింతగా అనిపించకూడదు. జమీందారీ రోజుల్లో ఒకే ఊళ్లో జిరాయితీ భూమి, దాని పక్కనే గుడి మాన్యం, ఆ పక్కన ఎవరికో ఇచ్చిన ఈనాం ఉండేవి. గట్టు దాటితే శిస్తు మారేది, శిస్తు పుచ్చుకునేవాడు మారేవాడు. ఆ గట్టును ఎవరూ సరిహద్దు అనుకోలేదు. ఎద్దులు అటూ ఇటూ తిరిగేవి, పెళ్లిళ్లు అటూ ఇటూ జరిగేవి. 1198 నాటి బార్లె కూడా అలాంటి ఊరే.

గీతలన్నీ ఆ ఒక్క ఏడాదే పడ్డాయనుకుంటే మాత్రం పొరపాటు. తర్వాతి శతాబ్దాల్లో డ్యూకులకు, బ్రెడా ప్రభువులకు మధ్య ఒప్పందాలు, మార్పిడులు, అమ్మకాలు చాలానే జరిగాయి. మనం ఇప్పుడు చూస్తున్న గళ్లు అవన్నీ కలిసి తేలినవి. 1198 వాటికి పునాది మాత్రమే.

శిస్తు గట్టు దేశపు గట్టయిన తీరు

దాదాపు 450 ఏళ్లు ఈ ఏర్పాటుతో ఎవరికీ తలనొప్పి రాలేదు. వచ్చింది 1648లో. స్పెయిన్‌పై తిరగబడ్డ డచ్ రాష్ట్రాలు ఆ ఏడాది మ్యూన్‌స్టర్ సంధితో స్వతంత్ర గణతంత్రంగా గుర్తింపు పొందాయి. బ్రెడా ప్రాంతం డచ్ గణతంత్రంలోకి వెళ్లింది. దానితో పాటు బార్లె-నస్సావ్ కూడా. డ్యూక్ వాటా మాత్రం టర్న్‌హౌట్ అనే పట్నం కిందికి వచ్చేది, ఆ టర్న్‌హౌట్ స్పెయిన్ ఏలుబడిలోనే ఉండిపోయింది. దాంతో అంతవరకు పొలం గట్టుగా ఉన్నది రాత్రికి రాత్రి రెండు రాజ్యాల మధ్య హద్దయింది. అక్కడ కొత్త గీత పడలేదు, పాత గీతకే కొత్త అర్థం వచ్చింది.

ఇలాంటిది మన దగ్గరా జరిగింది. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యమే, అయినా పరగణా మాత్రం బ్రిటిష్ పాలనలోని కృష్ణా జిల్లాలో భాగం. జమీందారీ ఎవరి కింద ఉందన్నదే అక్కడ హద్దు. తర్వాత అది నల్గొండ జిల్లాలో కలిసింది, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది. బార్లెకు ఆ అవకాశం రాలేదు.

రాలేదని పూర్తిగా అనలేం, ఒకసారి వచ్చి పోయింది. 1815 నుంచి 1830 వరకు రెండు వైపులూ ఒకే రాజ్యంలో ఉన్నాయి. ఆ 15 ఏళ్లు బార్లె గీతలు రెండు స్థానిక సంస్థల మధ్య హద్దులే. 1830లో బెల్జియం తిరగబడి విడిపోయింది, 1839 లండన్ ఒప్పందంతో ఆ విభజన ఖాయమైంది. ఇక రెండు దేశాల మధ్య హద్దు రాళ్లు పాతాలి. అధికారులు జర్మనీ వైపు నుంచి మొదలుపెట్టి సముద్రం దాకా సరిహద్దుకు నంబర్లు వేసుకుంటూ వచ్చారు. బార్లె దగ్గరకు వచ్చేసరికి చేతులెత్తేశారు. ఎవరికి ఏది ఇచ్చి ఏది పుచ్చుకోవాలో తేలలేదు. చివరికి 1843 ఒప్పందంలో ఇక్కడ ఉన్నది ఉన్నట్టే ఉంచాలని రాసుకున్నారు. 214వ రాయి దగ్గర గీత ఆగి, 215వ రాయి దగ్గర మళ్లీ మొదలవుతుంది. మధ్యలో గీతకు బదులు ఒక జాబితా ఉంది. 5,732 కమతాల్లో ఒక్కోటీ ఏ దేశానిదో విడివిడిగా రాసిన జాబితా అది.

గీత గీయకుండా జాబితా రాస్తే ఏమవుతుందో, పొలం పాస్‌బుక్కు కోసం ఎప్పుడైనా ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

91, 92 నంబర్ల తగాదా

బార్లె మొత్తాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క కేసు చాలని నాకనిపిస్తుంది. జోండెరైగెన్ విభాగంలో 91, 92 నంబర్ల కమతాలు ఉన్నాయి. 1841లో రెండు స్థానిక సంస్థలు కలిసి ఒక పత్రం రాసుకున్నాయి. అందులో ‘78 నుంచి 111 వరకు బార్లె-నస్సావ్‌వి’ అని ఉంది. అంటే 91, 92 కూడా డచ్ వైపే. రెండేళ్లు తిరిగాక 1843 సరిహద్దు ఒప్పందంలోకి అదే పత్రాన్ని ఎక్కించారు. మాటకు మాట ఎక్కించామని కూడా రాశారు. కానీ ఆ ప్రతిలో ‘78 నుంచి 90 వరకు బార్లె-నస్సావ్‌వి, 91, 92 బార్లె-హెర్టోగ్‌వి, 93 నుంచి 111 వరకు బార్లె-నస్సావ్‌వి’ అని ఉంది.

ఏది నిజం? డచ్ వాదన ఇది. ఎత్తి రాయడంలో తప్పు దొర్లింది. పైగా 1843 తర్వాత ఆ నేల మీద శిస్తు వసూలు చేసిందీ, పుట్టుకలు చావులు నమోదు చేసిందీ మేమే, కాబట్టి అది మాదే. బెల్జియం వాదన: సంతకం చేసిన ఒప్పందంలో ఏముందో అదే చెల్లుతుంది. రెండు దేశాల అధికారులు కలిసి కూర్చుని తెలిసే మార్చారు. ఆ కమతాలు మా సైనిక మ్యాపుల్లో ఎప్పుడూ మా వైపే ఉన్నాయి. దీనికి 1892లో ఒక ఒప్పందం సిద్ధమైంది. దాని ప్రకారం బెల్జియం ఆ రెండు కమతాలనూ నెదర్లాండ్స్‌కు వదిలేయాలి. అది ఆమోదం పొందకుండానే మూలపడింది.

చివరికి ఇద్దరూ ది హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లారు. 1959 జూన్ 20న తీర్పు వచ్చింది. 10 మంది బెల్జియం వైపు, నలుగురు వ్యతిరేకం. కోర్టు నెదర్లాండ్స్ గడ్డ మీదే ఉన్నా కమతాలు బెల్జియానికి పోయాయి. డచ్ అధికారులు చేసినవి మామూలు రోజువారీ దఫ్తరు పనులని, వాటితో ఒప్పందం ఇచ్చిన హక్కు పోదని కోర్టు చెప్పింది. తీర్పుతో ఏకీభవించని వైపూ బలమైన తర్కమే ఉంది. ఇంత గందరగోళంగా, ఒకదానికొకటి పొసగకుండా ఉన్న రాతను అసలు చెల్లనిదిగా పక్కన పెట్టాలని న్యాయమూర్తి హెర్ష్ లాటర్‌పాక్ట్ అభిప్రాయపడ్డారు.

ఇలాంటి సందేహాలన్నీ తీర్చి, హద్దును నేల మీద కొలిచి, మ్యాపు మీదకు పూర్తిగా ఎక్కించేసరికి 1995 అయింది.

యుద్ధంలో మిగిలిపోయిన ముక్క

1914 ఆగస్టులో జర్మనీ బెల్జియం మీద పడింది. కొద్ది నెలల్లోనే ఆ దేశం దాదాపు మొత్తం ఆక్రమణలోకి పోయింది, పశ్చిమాన చిన్న మూల తప్ప. నెదర్లాండ్స్ తటస్థ దేశం. బార్లె-హెర్టోగ్ ముక్కల్లోకి వెళ్లాలంటే జర్మన్ సైన్యం డచ్ నేల దాటాలి. దాటితే నెదర్లాండ్స్‌తో కూడా యుద్ధమే. అందుకే దాటలేదు. ఏడు వందల ఏళ్ల కిందటి శిస్తు లెక్క పుణ్యమా అని, ఆక్రమణలో ఉన్న దేశానికి చెందిన కొన్ని వీధులు స్వేచ్ఛగా మిగిలాయి. బెల్జియం జెండా, బెల్జియం తపాలా బిళ్లలు అక్కడ చెల్లుతూనే ఉన్నాయి.

1915లో బెల్జియం మరో అడుగు వేసింది. వైర్‌లెస్ స్టేషన్ సామాన్లను గుట్టుగా డచ్ నేల దాటించి ఊళ్లో బిగించి, జర్మన్ సందేశాలు వినడం మొదలుపెట్టింది. నెదర్లాండ్స్ ఇరకాటంలో పడింది. ఆ స్టేషన్ ఉన్నది బెల్జియం గడ్డ కాబట్టి ఆపమనలేదు. అలాగని చూస్తూ ఊరుకుంటే తటస్థత మాట ఏమవుతుంది? చివరికి చుట్టూ ముళ్లకంచె వేసి కాపలా పెట్టింది. అదే ఏడాది జర్మన్లు బెల్జియం–నెదర్లాండ్స్ సరిహద్దు పొడవునా, 300 కిలోమీటర్లకు పైగా, 2,000 వోల్టుల కరెంటు తీగ కట్టారు. దాన్ని జనం ‘చావు తీగ’ అన్నారు. తీగ దాటి పారిపోయి వచ్చిన బెల్జియన్లకు బార్లెలో మళ్లీ తమ దేశమే దొరికేది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ వెసులుబాటు లేదు. 1940లో రెండు దేశాలూ ఆక్రమణలోకి వెళ్లాయి.

గుమ్మం ఎటుంటే ఇల్లు అటు

ఊళ్లో ఇప్పుడు బతుకు ఎలా నడుస్తుందో చూద్దాం. గీత ఇంటి మధ్య నుంచి పోతే ఆ ఇల్లు ఏ దేశంలో నమోదవుతుంది? బార్లెలో దీనికి ‘గుమ్మం నియమం’ ఉంది. వీధి గుమ్మం ఏ దేశంలో ఉంటే ఇల్లు ఆ దేశపు చిరునామాలోకి వెళుతుంది. ఉదాహరణకు 100 చదరపు మీటర్ల ఇల్లు ఉందనుకుందాం. అందులో 80 మీటర్లు, వంటిల్లు పడకగదులతో సహా, నెదర్లాండ్స్‌లో ఉన్నాయి. 20 మీటర్ల ముందు గది, గుమ్మం బెల్జియంలో ఉన్నాయి. ఆ ఇంటికి బెల్జియం నంబరు పడుతుంది, అందులో కాపురముండేవాళ్లు బార్లె-హెర్టోగ్‌లో నమోదవుతారు. నంబరు పలక చూసినా తెలిసిపోతుంది. బెల్జియం ఇళ్ల పలకల మీద నలుపు, పసుపు, ఎరుపు ఉంటాయి. డచ్ ఇళ్ల మీద ఎరుపు, తెలుపు, నీలం.

ఇక్కడ రెండు అపోహలు తీరాలి. ఒకటి, గుమ్మం మారిస్తే సరిహద్దు మారదు. నమోదు మాత్రమే మారుతుంది, గది మధ్య గీత ఉన్నచోటే ఉంటుంది. రెండు, బెల్జియం ఇంట్లో పుట్టిన బిడ్డ అంతమాత్రాన బెల్జియన్ అయిపోదు. రెండు దేశాల్లోనూ పౌరసత్వం ప్రధానంగా తల్లిదండ్రుల నుంచి వస్తుంది, పుట్టిన నేల నుంచి కాదు.

గుమ్మం మార్చడం కట్టుకథ కాదు. 1995లో హద్దు ఖరారైనప్పుడు, అంతకాలం తమది బెల్జియం ఇల్లనుకున్న ఒక కుటుంబానికి గుమ్మం డచ్ వైపు ఉందని తేలింది. వాళ్లు కిటికీ ఉన్నచోట తలుపు, తలుపు ఉన్నచోట కిటికీ పెట్టించుకుని బెల్జియంలోనే ఉండిపోయారని ఊళ్లో చెబుతారు. మరో ఇంటికి గీత సరిగ్గా తలుపు నడిమి నుంచి పోతుంది. దానికి ఒక పక్క 2, ఇంకో పక్క 19 అని రెండు నంబర్లు, రెండు జెండాల రంగులు ఉన్నాయి.

చట్టాలు వేరువేరైతే వాటి మధ్య సందు దొరుకుతుంది. రెండో యుద్ధం తర్వాత డచ్ వెన్న బెల్జియంలో ఎక్కువ ధరకు పోయేది, దాన్ని దొంగచాటుగా దాటించడం ఈ ప్రాంతంలో పెద్ద వ్యాపారం. ఒక తలుపులోంచి తెచ్చిన సరుకు ఇంకో తలుపులోంచి పోతే ఎవరు పట్టుకుంటారు? ఒకప్పుడు డచ్ హోటళ్లు ముందు మూసేయాల్సి వచ్చేది, ఆ వేళకు కొందరు బల్లను గీత అవతలికి జరుపుకునేవాళ్లట. బీరు తాగడానికి బెల్జియంలో 16 ఏళ్లు చాలు, నెదర్లాండ్స్‌లో 2014 నుంచి 18 నిండాలి. మందు ధర కోసం యానాం దాకా వెళ్లొచ్చే గోదావరి జిల్లాలవాళ్లకు ఈ లెక్క కొత్తేమీ కాదు.

2020 మార్చిలో బెల్జియం అత్యవసరం కాని దుకాణాలన్నీ మూయించింది, నెదర్లాండ్స్ తెరిచే ఉంచింది. బార్లెలో ఒక బట్టల దుకాణం మధ్య నుంచి గీత పోతుంది. డచ్ సగంలో అమ్మకాలు నడిచాయి. బెల్జియం సగానికి అడ్డంగా టేపు కట్టారు. చొక్కా కొనుక్కోవచ్చు, అదే గదిలో ఐదడుగుల అవతల వేలాడుతున్న చొక్కా ముట్టుకోకూడదు.

మరి సరిచేసుకోరెందుకు?

ముక్కలు మార్చుకుంటే పోతుంది కదా అనేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. మార్చుకున్న సందర్భాలు ఉన్నాయి. ఇవే రెండు దేశాలు మ్యూజ్ నది పొడవునా 2018 జనవరి 1న భూమి మార్చుకున్నాయి. నది దారి తిన్నగా మార్చాక కొన్ని ముక్కలు తప్పు ఒడ్డున పడ్డాయి, వాటిని చేరడం పోలీసులకు కూడా కష్టమైంది. బెల్జియం సుమారు 16 హెక్టార్లు వదులుకుని, 3 హెక్టార్లు తీసుకుంది. గొడవేమీ జరగలేదు, ఎందుకంటే అక్కడ ఎవరూ కాపురం లేరు.

మనుషులు ఉన్నచోట మార్పిడి ఎలా ఉంటుందో చెప్పడానికి కూచ్‌బిహార్ ఉంది. 2015 జూలై 31 అర్ధరాత్రి భారత్, బంగ్లాదేశ్ ఎన్‌క్లేవులు మార్చుకున్నాయి. బంగ్లాదేశ్‌లో ఉన్న 111 భారత ముక్కలు అటు, భారత్‌లో ఉన్న 51 బంగ్లా ముక్కలు ఇటు. గారె చిల్లులో పడ్డ మెతుకులా మూడో అంచె ఎన్‌క్లేవ్ కూడా అక్కడ ఒకటి ఉండేది, ప్రపంచంలో అలాంటిది అదొక్కటే. ఆ 50 వేల పైచిలుకు జనానికి మార్పిడి ఒక విడుదల. దశాబ్దాల పాటు వాళ్లకు కరెంటు లేదు, బడి లేదు, రేషన్ కార్డు లేదు. సొంత దేశంలో అడుగుపెట్టాలన్నా పరాయి దేశం దాటాలి, దాటడానికి కాగితాలు కావాలి, కాగితాలు తెచ్చుకోవాలన్నా దాటాలి.

రెండుచోట్లా గీత దాదాపు ఒకే రకం. తేడా అంతా గీత దగ్గర ఎవరు నిలబడ్డారన్నదే. బార్లె చుట్టూ 1948లో బెనెలక్స్ (బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్) సుంకాల కూటమి వచ్చింది, 1993లో ఉమ్మడి మార్కెట్, 1995లో సరిహద్దు తనిఖీలు ఎత్తేసే షెంగెన్ ఒప్పందం, 2002లో యూరో నోట్లు వచ్చాయి. ఒక్కోటి వచ్చినప్పుడల్లా గీత బరువు కొంత తగ్గింది. 1998లో రెండు కౌన్సిళ్లు కలిసి ఉమ్మడి విషయాలు చూసుకునే సంస్థను పెట్టుకున్నాయి. ఇప్పుడు గీతను చూడ్డానికి టూరిస్టులు వస్తారు, ఒక కాలు అటు, ఒక కాలు ఇటు పెట్టి ఫొటో దిగుతారు. ఆ వ్యాపారాన్ని చెరిపేయమని ఊళ్లోవాళ్లు ఎందుకు అడుగుతారు?

ఊళ్లో బతకడం మాత్రం ఫొటో దిగినంత తేలిక కాదు. ఇంటికి గది కలుపుకోవాలంటే రెండు దేశాల అనుమతులు కావాల్సి రావచ్చు. మురుగు కాల్వ బాగుచేయాలన్నా, రోడ్డు తవ్వాలన్నా ఖర్చు ఎవరిదో ముందు తేలాలి. పాలన ఇంతకన్నా తేలిగ్గా సాగాలనేవాళ్ల మాటలోనూ న్యాయం ఉంది.

ఇక తనిఖీల సంగతి. మామూలు సరిహద్దులో హైవే మీద ఒక చోట పోలీసు బండి ఆపితే సరిపోతుంది. బార్లె నడి వీధిలో కారు ఒక నిమిషంలో నాలుగైదుసార్లు దేశం మారుతుంది. అక్కడ బండి ఎక్కడ ఆపినా, దాని ముందు చక్రాలు ఒక దేశంలో, వెనక చక్రాలు ఇంకో దేశంలో ఉండే అవకాశం బాగానే ఉంది.